అలాట్‌మెంట్ బాటకు వుడ్‌చిప్: కింద ఏం పరచాలి, ఎంత మందం పోయాలి, ఎప్పుడు తోడాలి

నవంబరు వచ్చేసరికి లండన్ బంకమట్టిలో అలాట్‌మెంట్ ప్లాటు, అంటే కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే నేల ముక్క, వానాకాలపు నల్లరేగడి చేనులా తయారవుతుంది. అడుగు తీస్తే బూటుతో పాటు అరకిలో మట్టి లేస్తుంది. వీల్‌బారో తోస్తే చక్రం సగం దాకా దిగబడుతుంది. మళ్లు గీసుకున్నాం గానీ బాట వేసుకోలేదని అప్పుడు గుర్తొస్తుంది.

గడ్డి బాట ఉంచుకుంటే వేసవిలో వారం వారం కోయాలి, పైగా గడ్డి అంచుల్లోంచి మళ్లలోకి పాకుతుంది. రాతి పలకలు ఖరీదు, వాటి కింద స్లగ్‌లు (గుల్ల లేని నత్తలు) కాపురం పెడతాయి. కంకర వేస్తే కొన్నాళ్లకు మట్టిలో కలిసిపోతుంది, ప్లాటు తిరిగి అప్పగించే రోజున కూర్చుని ఏరుకోవాలి. పాత కార్పెట్ పరిచే అలవాటు ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు చాలా సైట్లలో నిషేధం. మిగిలింది వుడ్‌చిప్, అంటే చెట్లు కొట్టేవాళ్లు కొమ్మల్ని యంత్రంలో పెట్టి చేసే చెక్క తునకలు. చాలాచోట్ల ఊరికే దొరుకుతుంది. నీళ్లు నిలవనివ్వదు, కాలికి మెత్తగా ఉంటుంది, పాడైతే ఎరువవుతుంది.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. చిప్ కుళ్లుతుంది. కుళ్లకుండా ఆపాలని చూసేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. పైపొర నడవడానికి, అడుగు పొర రెండేళ్ల తర్వాత మడిలో వేసుకోవడానికి అన్న లెక్కతో మొదలుపెట్టండి. కింద పరిచే దాని నుంచి అంచు చెక్కల దాకా మిగతా నిర్ణయాలన్నీ ఆ లెక్కను బట్టే ఉంటాయి.

ఏ చిప్ కావాలి

తోట సామాన్ల దుకాణంలో సంచుల్లో అమ్మే బార్క్ చూడటానికి అందంగా ఉంటుంది, నెమ్మదిగా కుళ్లుతుంది. కానీ అలాట్‌మెంట్ బాటలన్నిటికీ అది కొనడం డబ్బు తగలేయడమే. మనకు కావలసింది చెట్లు కొట్టేవాళ్ల దగ్గర దొరికే పచ్చి చిప్. అందులో చెక్క, బెరడు, ఆకు, సన్న పుల్లలు అన్నీ కలిసి ఉంటాయి. వేలి గోరంత ముక్క నుంచి బొటనవేలంత ముక్క దాకా కలగలుపుగా ఉంటే బాటకు మంచిది. ముక్కలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని గట్టిగా కూర్చుంటాయి. రంపపు పొట్టు మాత్రం బాటకు పనికిరాదు. తడిస్తే ముద్దవుతుంది, జారుతుంది.

కాలం కూడా చూసుకోండి. వేసవిలో కొట్టిన చిప్‌లో ఆకు పాలు ఎక్కువ, త్వరగా వేడెక్కుతుంది, త్వరగా కుళ్లుతుంది. అది కంపోస్టుకు బంగారం, బాటకు రెండో రకం. ఆకు రాలాక, నవంబరు నుంచి మార్చి మధ్య వచ్చేది ఎక్కువగా ఉత్త చెక్కే. బాటకు అదే మేలు. మీకు మళ్ల పని తక్కువగా ఉండేదీ అప్పుడే.

లేలాండై, పైన్ లాంటి సూదాకు చెట్ల చిప్ నేలను పులుపెక్కిస్తుందన్న భయం చాలామందికి ఉంది. పైన పరిచిన చిప్ నేల ఆమ్లతను చెప్పుకోదగినంతగా మార్చదు. బాటకు నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఎలా తెప్పించుకోవాలి

ముందు సైట్ కార్యదర్శిని అడగండి. చాలా సైట్లలో గేటు పక్కనే అందరికీ కలిపి ఒక కుప్ప ఉంటుంది. అక్కడి నుంచి మోసుకోవడమే మీ పని. కుప్ప లేకపోతే అనుమతి తీసుకుని, మీ వీధిలోనో చుట్టుపక్కలో చెట్లు కొడుతున్న బృందాన్ని నేరుగా పలకరించండి. చిప్ పారబోయడానికి వాళ్లకూ చోటు కావాలి, డబ్బు కట్టి వదిలించుకునే కంటే దగ్గర్లో దించిపోవడం వాళ్లకు లాభం. అయితే మీరు అడిగిన రోజున రాదు, వాళ్ల దగ్గర లోడు నిండిన రోజున వస్తుంది. ఎంత వస్తుందో కూడా ముందుగా చెప్పలేరు. చిన్న టిప్పర్‌లో 3 నుంచి 6 ఘనపు మీటర్ల దాకా ఉండవచ్చు.

దించే చోటు ముందే ఖాయం చేయండి. గట్టి నేల కావాలి, లారీ వెనక్కి వచ్చేంత వెడల్పు కావాలి, పైన తీగలు ఉండకూడదు. చలికాలంలో గడ్డి మీదికి లారీని రమ్మంటే చక్రాలు దిగబడతాయి. ఆ గోతులు పూడ్చే పని మీ మీద పడుతుంది, దాంతో పాటు కమిటీ ముందు సంజాయిషీ కూడా. ఇతరుల ప్లాటు దారికి అడ్డంగా కుప్ప పోయించవద్దు. అరప్లాటు వాళ్లయితే పక్కవాళ్లతో ముందే మాట్లాడుకుని లోడు పంచుకోండి.

లోడులో ఏం చూడాలి

ఊరికే వచ్చిందని కళ్లు మూసుకుని తీసుకోవద్దు. దించకముందు రెండు ప్రశ్నలు వేయండి: ఏ చెట్టు, ఎక్కడ కొట్టారు?

పెయింటు వేసిన చెక్క, పాత కంచె పలకలు, ప్లైవుడ్, ఎండీఎఫ్ ముక్కలు కలిసిన చిప్ వద్దు. పాత కంచె స్తంభాలకు పట్టించిన మందుల్లో ఆర్సెనిక్ ఉండేది. తినే పంట పక్కన అది ఉండకూడదు. పచ్చి చెట్టు చిప్‌కు, పాత చెక్క చిప్‌కు తేడా చూడగానే తెలుస్తుంది. పచ్చిదాంట్లో బెరడు, ఆకు కనిపిస్తాయి. పాతది ఒకే రంగులో పొడిపొడిగా ఉంటుంది, మధ్యమధ్య మేకులు తగులుతాయి.

చెర్రీ లారెల్ కంచెలు బ్రిటన్‌లో వీధికొకటి ఉంటాయి. దాని ఆకు నలిగితే హైడ్రోజన్ సయనైడ్ వెలువడుతుంది, చేదు బాదం వాసన వస్తుంది. ఆ చిప్‌ను సంచుల్లో నింపి, అద్దాలు మూసిన కారులో తేవద్దు. ఆరుబయట కొన్ని రోజులు ఉంటే వాసన పోతుంది, ఆ తర్వాత బాటకు వేసుకోవచ్చు. యూ చెట్టు ఆకు, కొమ్మ పశువులకు, కోళ్లకు విషం. కోళ్లు పెంచే సైట్లలో ఆ లోడు వద్దనండి.

లండన్ పరిసరాల్లో ఓక్ కొట్టారంటే ఓక్ ప్రొసెషనరీ చిమ్మట గురించి అడగండి. 2006లో లండన్‌లో తొలిసారి కనిపించిన ఈ పురుగు గూళ్లలో ఉండే సన్నటి వెంట్రుకలు చర్మాన్ని దద్దుర్లెక్కిస్తాయి, ఊపిరికీ ఇబ్బంది పెడతాయి. ఆష్ చెట్ల తెగులు 2012లో బ్రిటన్‌లో బయటపడ్డాక ఆష్ చిప్ విరివిగా వస్తోంది. ఆ తెగులు ఆష్ కుటుంబానికే పరిమితం, మీ కూరగాయలకు దానితో పేచీ లేదు.

అన్నిటికంటే ప్రమాదం జపనీస్ నాట్‌వీడ్ అనే మొండి కలుపు. చిప్‌లో దాని వేరుముక్క చిన్నది పడినా మొలుస్తుంది, వదిలించుకోవడానికి ఏళ్లు పడుతుంది. లోడులో మట్టి, వేళ్లు, వెదురులా కణుపులున్న బోలు కాడలు కనిపిస్తే వెనక్కి పంపండి, మొహమాటపడకండి.

కొలత

పూర్తి అలాట్‌మెంట్ ప్లాటు అంటే పాత లెక్కలో 10 రాడ్లు. అంటే సుమారు 250 చదరపు మీటర్లు, మన లెక్కలో 300 గజాలు, సెంట్లలో చెబితే ఆరుంబావు. కొత్తవాళ్లకు ఎక్కువగా ఇచ్చేది అందులో సగం. అలాంటి అరప్లాటు పన్నెండున్నర మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉందనుకుందాం.

మడి వెడల్పు 1.2 మీటర్లు దాటనివ్వకండి. రెండు వైపుల నుంచి చెయ్యి మధ్యకు అందాలి, మడిలో కాలు పెట్టే అవసరం రాకూడదు. నడుమ ఒక పెద్ద బాట, వీల్‌బారో కోసం 90 సెంటీమీటర్లు. మళ్ల మధ్య అడ్డబాటలు 45 సెంటీమీటర్లు. 30 చాలులే అని మిగుల్చుకున్న చోటు జూలైలో గుమ్మడి తీగ, బీన్స్ కర్రలు పక్కకు వాలాక అడుగు పట్టనంత ఇరుకవుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, పక్కన స్టూలు వేసుకుని కలుపు తీసేవాళ్లు అడ్డబాట 60 పెట్టుకోండి.

ఈ లెక్కన పెద్ద బాట 12 మీటర్లు, అంటే 10.8 చదరపు మీటర్లు. రెండు వైపులా ఏడేసి మళ్లు, వాటి మధ్య ఆరేసి అడ్డబాటలు, ఒక్కొక్కటి నాలుగున్నర మీటర్లు. అవి మొత్తం 24.3. రెండూ కలిపితే 35 చదరపు మీటర్లు. నేలలో నాలుగో వంతుకు పైగా బాటలకే పోతోందన్నమాట. అందుకే ఆ నేల కూడా ఎరువు పండించాలనేది.

10 సెంటీమీటర్ల మందానికి మూడున్నర ఘనపు మీటర్లు. నడిచేకొద్దీ అణుగుతుంది కాబట్టి పావు వంతు కలపండి, దాదాపు 4.4 ఘనపు మీటర్లు అవుతుంది. 90 లీటర్ల వీల్‌బారోతో 49 సార్లు తిరగాలి. కుప్ప దగ్గరగా ఉంటే ఇద్దరికి ఒక పూట పని, ఒక్కరికైతే రెండు పూటలు పెట్టుకోండి.

నేల సిద్ధం చేయడం

1. మేకులు పాతి, దారం లాగి బాట గీత వేయండి. కంటి అంచనా నమ్మవద్దు. పది మీటర్ల పొడవులో అరడుగు తేడా ఇట్టే వచ్చేస్తుంది.

2. పొడుగ్గా ఎదిగిన గడ్డి, కలుపు నేలబారుకు కోయండి. కోసినది అక్కడే వదిలేయవచ్చు, తర్వాత పైన పరిచే అట్ట కింద కుళ్లిపోతుంది. విత్తనం కట్టిన కలుపు మాత్రం ఏరేయండి.

3. మొండి కలుపు వేళ్లు ఫోర్క్‌తో తవ్వి తీయండి. కౌచ్ గ్రాస్ మన గరికకు అన్నలాంటిది, నేల కింద తెల్లటి వేళ్లు అల్లుకుంటుంది. బైండ్‌వీడ్ వేరు సేమ్యాలా తెల్లగా, పెళుసుగా ఉంటుంది, తెగిన ప్రతి ముక్కా మొలుస్తుంది. డాక్ వేరు ముల్లంగిలా లోతుకు దిగుతుంది. మొత్తం తీయలేరు, పరవాలేదు. ఇక్కడ గంట ఎక్కువ పనిచేస్తే వేసవిలో పది గంటలు మిగులుతాయి.

4. బాట చోట పైమట్టి 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతున పారతో ఎత్తి, పక్క మళ్లలో వేయండి. బాట పల్లమవుతుంది, మడి ఎత్తవుతుంది, చిప్ ఎటూ జారదు. అంచు చెక్కల ఖర్చూ తప్పుతుంది. మంచి పైమట్టిని కాళ్ల కింద తొక్కి పాడుచేయడమెందుకు?

నాలుగో మెట్టుకు ఒక మినహాయింపు ఉంది. బంకమట్టి, చదును నేల, నీళ్లు పోయే దారి లేని ప్లాటు అయితే తవ్వవద్దు. అక్కడ తవ్విన బాట కాలువవుతుంది, అందులో చిప్ డిసెంబరంతా నానుతుంది. గాలి ఆడని చిప్ పులిసి వెనిగర్ కంపు కొడుతుంది. అలాంటి చోట నేల మట్టం మీదే పోసి, మళ్లను కంపోస్టుతో ఎత్తు చేసుకోండి. వాలు ఉంటే, తవ్విన బాట వాలు వైపు తెరుచుకుని ఉండేలా చూడండి.

అట్ట పరవడం

చిప్ కింద గోధుమరంగు అట్ట ఒక వరుస చాలు. కౌచ్ గ్రాస్ ఉన్న చోట రెండు వరుసలు. సైకిల్ దుకాణం, ఫ్రిజ్‌లు అమ్మే దుకాణం దగ్గర పెద్ద పెట్టెలు దొరుకుతాయి. చిన్న పెట్టెలు వంద పరిచే కంటే పెద్దవి పది మేలు, ఎందుకంటే కలుపు లేచేది అతుకుల దగ్గరే. టేపు, స్టేపుల్ పిన్నులు, లేబుళ్లు అన్నీ పీకేయండి. టేపు వదిలేస్తే రెండేళ్ల తర్వాత ఎరువు జల్లించేటప్పుడు ఒక్కొక్కటే చేతికి తగులుతుంది. నిగనిగలాడే, రంగులు అచ్చేసిన అట్ట వద్దు.

ఒక అట్ట మీద ఇంకొకటి కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కాలి. మడి అంచు వైపు కొంచెం పైకి మడిచి పెట్టండి, పక్క నుంచి పాకే గడ్డి ఆగుతుంది. పరిచిన అట్టను గొట్టంతో బాగా తడపండి. పొడి అట్ట గాలికి లేస్తుంది, పైగా వాన నీటిని లోపలికి పోనివ్వదు. తడిసిన అట్ట నేలకు అతుక్కుని, ఆరు నెలల్లో వానపాముల పాలవుతుంది. ఈలోగా కింది గడ్డి వెలుతురు లేక చచ్చిపోతుంది.

అట్ట బదులు ప్లాస్టిక్ నేత గుడ్డ, అదే వీడ్ మెంబ్రేన్, పరవమని చాలామంది సలహా ఇస్తారు. వినకండి. మొదటి ఏడాది చూడముచ్చటగా ఉంటుంది. రెండో ఏడాదికి పైన చిప్ కుళ్లి మట్టవుతుంది, ఆ మట్టిలో గాలికి వచ్చిన విత్తనాలు మొలిచి వేళ్లు గుడ్డలోకి దిగుతాయి. పీకితే గుడ్డ కూడా లేస్తుంది. బైండ్‌వీడ్ కింద నుంచి హాయిగా పాకి అంచుల్లో తల ఎత్తుతుంది. గుడ్డ చిరిగి ప్లాస్టిక్ దారాలు మట్టిలో కలుస్తాయి. కింద తయారైన ఎరువు తోడుకోవడానికీ వీలుండదు. ఏటా కొత్తగా పోసుకునే ఓపిక లేనివాళ్లకు కూడా ఇది పరిష్కారం కాదు. పనిని మూడేళ్లు వాయిదా వేసి, రెట్టింపు చేసి తిరిగిస్తుంది.

పోయడం

కుప్పను పారతో ఎత్తబోతే సగమే లేస్తుంది. పళ్లు దగ్గరగా ఉండే పెద్ద ఫోర్క్, ఎనిమిది పళ్లదో పదిపళ్లదో, దొరికితే పని సగమవుతుంది. రోజుల తరబడి ఉన్న కుప్ప లోపల కాలిపోతుంటుంది, 60 డిగ్రీలు దాటడం మామూలే. చలి ఉదయం పొగలా ఆవిరి లేస్తుంది. దానికి భయపడనక్కర్లేదు. కానీ లోపల తెల్లటి బూజు, పొడి ధూళి కనిపిస్తే జాగ్రత్త: అది ఊపిరితిత్తుల్లోకి పోయే శిలీంధ్ర బీజాల ధూళి. ముందు నీళ్లు చల్లండి, ఎఫ్ఎఫ్‌పీ2 లేదా ఎఫ్ఎఫ్‌పీ3 మాస్కు పెట్టుకోండి, గాలికి ఎదురు నిలబడకండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పగించడం మంచిది.

బాట చివరి నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి. అలా అయితే పోసిన చిప్ మీదుగా బండి తోయనక్కర్లేదు, అట్టా చిరగదు. పెద్ద బాటకు 12 సెంటీమీటర్లు, అడ్డబాటలకు 8 నుంచి 10. దంతెతో సరిచేసి, ఒకసారి అటూ ఇటూ నడిచి తొక్కి, పల్లం కనిపించిన చోట ఇంకాస్త వేయండి. 5 సెంటీమీటర్లకు తగ్గితే వెలుతురు దిగి కలుపు లేస్తుంది. 15 దాటితే కాళ్లు కూరుకుపోతాయి, ఇసుకలో నడిచినట్టుంటుంది, బండి తోయడానికి చేతులు పడిపోతాయి.

ఎక్కడ పోయకూడదో కూడా గుర్తుంచుకోండి. షెడ్డు చెక్క గోడకు ఆనించి పోస్తే అడుగు పలక కుళ్లుతుంది. పండ్ల చెట్టు మొదలు చుట్టూ ఒక జానెడు ఖాళీ వదలండి. ఇదే పని ఇంటి పెరట్లో చేస్తుంటే, ఇటుక గోడలో తేమ పైకెక్కకుండా పెట్టే పొర, అదే డాంప్‌ప్రూఫ్ కోర్సు, కంటే చిప్ పైమట్టం 15 సెంటీమీటర్లు కిందే ఉండాలి, లేదంటే తేమ గోడెక్కుతుంది. ఊళ్లో అమ్మానాన్నల పెరట్లో కూడా వేయిద్దామనుకునేవాళ్లు ఇంకో మాట వినాలి. బ్రిటన్‌లో చెదల బాధ లేదు కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాం. ఆంధ్ర, తెలంగాణ నేలల్లో చెక్క పరిస్తే చెదలకు విందు పెట్టినట్టే. గోడలకు, గుమ్మాలకు, తలుపు చట్రాలకు బాగా దూరంగా, పలుచగా మాత్రమే.

అంచు కట్టాలా

బాట పల్లంగా, మడి ఎత్తుగా ఉంటే అక్కర్లేదు. చదును నేల మీద పోసినప్పుడు, మళ్లలో కొత్తిమీర, మెంతికూర, క్యారెట్ లాంటివి నేరుగా విత్తే అలవాటున్నప్పుడు అంచు మంచిది. బ్లాక్‌బర్డ్ పురుగుల కోసం కాళ్లతో చిప్‌ను వెనక్కి చిమ్ముతుంది. పొద్దున్నే వచ్చి చూస్తే సగం చిప్ క్యారెట్ మొలకల మీద ఉంటుంది. వాడేసిన స్కాఫోల్డ్ (పరంజా) పలకలు 22 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. నిలువుగా పెట్టి, మీటరున్నరకు ఒక మేకు బిగిస్తే చాలా ఏళ్లు ఆగుతాయి. చెట్లు కొట్టేవాళ్లు ఇచ్చే పొడవాటి కొమ్మలు నేల మీద పెట్టినా సరిపోతుంది. ఒక్క చిక్కు, చెక్క అంచు లోపలి వైపు స్లగ్‌లకు పగటి విడిది. వానపడ్డ సాయంత్రం టార్చి పట్టుకుని ఒక చుట్టు తిరగాల్సిందే.

తేడా ఎక్కడ వస్తుంది

మడిలో చిప్ కలిసిపోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. పైన పరిచిన చిప్ వల్ల పైరుకు నష్టం లేదు. చిప్, మట్టి తాకే పలుచటి పొరలోనే నత్రజని తాత్కాలికంగా తగ్గుతుంది, వేళ్లు దానికి కిందే ఉంటాయి. అదే చిప్‌ను మట్టిలో కలిపి తవ్వితే కథ వేరు. చెక్క కుళ్లించే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి, చుట్టూ ఉన్న మట్టిలోంచి లాక్కుంటాయి. పచ్చి కొయ్యకాళ్లు దున్ని వెంటనే నాటిన వరి పసుపుబారినట్టు మీ పాలకూర పసుపుబారుతుంది. అలా జరిగితే పైకి కనిపించే ముక్కలు దంతెతో లాగేయండి, కోడిపెంట గుళికలు చల్లి నీళ్లు పెట్టండి, ఆ మడిలో ఆ ఏడు చిక్కుడు జాతి వేసుకోండి. పారతో తవ్వే అలవాటున్నవాళ్లకే ఈ తిప్పలు ఎక్కువ.

రెండో ఏడాది బాటలో మొలిచే కలుపు కింద నుంచి వచ్చింది కాదు, గాలికి వచ్చి సగం కుళ్లిన చిప్‌లో పడింది. వేళ్లు వదులుగా ఉంటాయి కాబట్టి ఎండ రోజున గొప్పుతో గీకితే చాలు. బైండ్‌వీడ్ వస్తే అదీ సులువే, వదులు చిప్‌లోంచి మూరెడు వేరు తెగకుండా వస్తుంది. హార్స్‌టెయిల్ ఒక్కటి దేనికీ లొంగదు, అట్టను, చిప్‌ను చీల్చుకుని లేస్తుంది. కనిపించినప్పుడల్లా లాగుతూ ఉండటమే.

నీడ పడే చోట పాచి పట్టి జారుతుంది. ముఖ్యంగా ఆకు ఎక్కువున్న చిప్. దంతెతో పై రెండు అంగుళాలు తిరగేసి, ఆ చోట ముతక చిప్ వేయండి. వెనిగర్ కంపు కొట్టే చిప్‌ను పలుచగా ఆరబెట్టండి, రెండు మూడు రోజుల్లో గాలి తగిలి వాసన పోతుంది. పోకముందు లేత మొక్కల దగ్గరికి తీసుకెళ్లవద్దు, ఆ ఆమ్లం వాటిని మాడుస్తుంది.

పుట్టగొడుగులు లేస్తాయి. ఒక్కోసారి ఎవరో వాంతి చేసుకున్నట్టు పసుపురంగు ముద్ద పాకుతుంది. అది బంకబూజు, మొక్కలకు ఏమీ చేయదు, నాలుగు రోజుల్లో ఎండి పొడవుతుంది. ఇదంతా కుళ్లు బాగా సాగుతోందనడానికి గుర్తు. పుట్టగొడుగులు తినవద్దు, పిల్లల చేతికి అందనివ్వవద్దు. చెట్ల వేళ్లను కుళ్లించే హనీ ఫంగస్ వస్తుందేమోనన్నది ఇంకో భయం. అది ముఖ్యంగా పాకేది నేల కింద, వేరు నుంచి వేరుకు. చిప్ ముక్కల్లో రావడం అరుదు. అయినా ఆ తెగులుతో చచ్చిన చెట్టు అని తెలిసిన లోడును ఆపిల్ చెట్ల పక్కన వాడకండి.

వాన నీళ్లు పారే వాలు బాటలో చిప్ కొట్టుకుపోతుంది. మీటరున్నరకు ఒకటి చొప్పున చేతికర్ర లావు కొమ్మను అడ్డంగా సగం పాతండి, మెట్టులా పట్టి ఆపుతుంది. పాలీటన్నెల్‌లో, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన సొరంగంలాంటి పందిరిలో, బాటకు మాత్రం చిప్ రెండు పనులు చేస్తుంది. గోంగూరో వంకాయో పెట్టి ఉంటే ఎండ మధ్యాహ్నం బాట మీద నీళ్లు చల్లండి. చిప్ నీటిని పట్టుకుని గాలిలో తేమ నిలుపుతుంది, ఎర్రనల్లి కొంత అదుపులో ఉంటుంది.

ఏటా కొంత పోయడం, రెండేళ్లకోసారి తోడటం

బాట ఏటా 3 నుంచి 5 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ప్రతి చలికాలం అంతే మందం కొత్త చిప్ పోయండి. మళ్లీ అట్ట అక్కర్లేదు, పక్క నుంచి గడ్డి చొరబడిన చోట మాత్రం ఒక ముక్క వేయండి. మీ అరప్లాటుకు ఏడాదికి ఒకటి నుంచి ఒకటిముప్పావు ఘనపు మీటర్లు సరిపోతాయి, అంటే 12 నుంచి 20 బండ్లు.

రెండో చలికాలం చివర్లో, ఫిబ్రవరిలో, బాటలో ఒక చోట చేత్తో గీకి చూడండి. పైన చెక్క, మధ్యలో గోధుమరంగు తునకలు, అడుగున నల్లటి పొడి మట్టి కనిపిస్తే తోడే సమయం వచ్చినట్టే. వాసన అడవి నేలలా ఉండాలి. చెక్క ముక్క వేళ్ల మధ్య నలిపితే విరగాలి. ముక్క ఇంకా గట్టిగా ఉంటే మరో ఏడాది ఆగండి.

అన్ని బాటలూ ఒకేసారి తోడవద్దు, ఏటా సగం. పైపొర పక్కకు లాగి, కింది నల్లటిది 10 మిల్లీమీటర్ల కన్ను జల్లెడలో వేసి వీల్‌బారోలోకే జల్లించండి. తడిగా ఉంటే జల్లెడ కళ్లు మూసుకుపోతాయి, రెండు రోజులు పొడి వాతావరణం చూసుకోండి. కిందికి దిగింది మళ్ల మీద 2, 3 సెంటీమీటర్ల మందాన పైపైన పరవండి, తవ్వి కలపవద్దు. వెల్లుల్లి, బంగాళాదుంప, గుమ్మడి దీనికి బాగా స్పందిస్తాయి. నారు పోసే కుండీల్లో మాత్రం దీన్నే నమ్ముకోవద్దు, ఇందులో నత్రజని తక్కువ. జల్లెడలో మిగిలిన ముతకను తోడిన బాటలోనే అడుగున పోసి, పైకి లాగిన పాత చిప్ దాని మీద, కొత్త లోడు అన్నిటి కంటే పైన వేయండి.